దూరదేశాల్లో చదివే మన పిల్లలు – మనం చేయగలిగినది
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినదంతా చెప్పారు. నాకిచ్చిన పదిహేను నిమిషాలనూ మరొక విషయానికి వాడుకొనేందుకు అధ్యక్షుల వారు అనుమతించారు. అది మన మనుమలు, మనుమరాండ్ర చదువు. యూరప్‌లో చదువుతున్న పిల్లలు ఎవరింట ఉన్నారో చేతులెత్తమని ఇందాక అడిగాను. ముందు రెండు వరుసల్లోనే సగం చేతులు లేచాయి. కనుక ఇది ఎవరో ధనవంతుల విషయం కాదు, మన పెన్షన్ల విషయమే.

కృష్ణా జిల్లావారికి సముద్రం దాటి చదువుకోవటం కొత్త కాదు. పెనుగంచిప్రోలులో పుట్టిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చి, తరువాత చీరాల-పేరాల ఉద్యమాన్ని నడిపారు. గుడివాడ దగ్గర అంగలూరు వాస్తవ్యులు త్రిపురనేని రామస్వామి చౌదరి గారు 1914లో న్యాయశాస్త్రం చదవటానికి డబ్లిన్ వెళ్ళారు. కంకిపాడులో పుట్టిన డాక్టర్ కె.ఎల్. రావు గారు 1939లో బర్మింగ్‌హాంలో పిహెచ్.డి. పుచ్చుకున్నారు. తరువాత ఆయనే మన విజయవాడ పార్లమెంటు సభ్యులు, కేంద్ర మంత్రి. పులిచింతల జలాశయానికి ఆయన పేరే పెట్టుకున్నాం.

ఆనాడు తాలూకా మొత్తం మీద ఒకరు వెళ్ళేవారు. ఓడలో వెళ్ళిన మనిషి ఉత్తరం చేరటానికి వారాలు పట్టేది. అయినా ఆ మనిషి ఎక్కడ ఉన్నాడో, ఎవరి సాయంతో చదువుతున్నాడో ఊరందరికీ తెలిసేది. ఈనాడు వీధికి ఇద్దరు వెళుతున్నారు. ఫోను నొక్కగానే మొహం కనిపిస్తుంది. కాని పిల్లవాడు ఏ ఇంట్లో ఉంటున్నాడో ఇంట్లోవారికే సరిగ్గా తెలియని రోజులు వచ్చాయి. ఈ మాట ఎవరినో ఎత్తిపొడవటానికి కాదు. నా ఇంట జరిగినదే చెబుతాను.

ముందుగా లెక్క చూద్దాం. 2023-24లో ఒక్క జర్మనీలోనే 49 వేల మందికి పైగా భారతీయ విద్యార్థులున్నారు. అక్కడ చదివే విదేశీ విద్యార్థుల్లో మనవారిదే మొదటి స్థానం. కారణం తెలిసిందే. అక్కడి చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. అయితే బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి మన వంటి దేశాల విద్యార్థుల వద్ద సెమిస్టరుకు 1,500 యూరోలు వసూలు చేస్తున్నారు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా 2024-25 శీతాకాలం నుంచి ఫీజు పెట్టింది. ఫీజు లేనిచోట కూడా ఖర్చు లేదనుకోరాదు. జీవనానికి సరిపడా సొమ్ము ముందుగానే ఒక ప్రత్యేక ఖాతాలో వేసి చూపించాలి. 2024 సెప్టెంబరులో ఆ మొత్తాన్ని ఏడాదికి 11,904 యూరోలు చేశారు. మన రూపాయల్లో పది లక్షలు దాటుతుంది. అందులోంచి నెలకు 992 యూరోలు మాత్రమే తీసుకోనిస్తారు. గది అద్దె, ఆరోగ్య బీమా, తిండి అన్నీ అందులోనే.

ఈ పది లక్షలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? పటమటలోనో పోరంకిలోనో మనం కట్టుకున్న ఇంటి కాగితాలు బ్యాంకులో పెడితే వస్తున్నాయి. కమ్యుటేషన్ సొమ్ము, గ్రాట్యుటీ సొమ్ము కలిపితే వస్తున్నాయి. హామీ సంతకం చేసే తాతగారు ఆ కాగితం చదవటం లేదు. నేనూ చదవలేదు. ముప్పై ఆరేళ్ళు ఇతరుల కాగితాల్లో తప్పులు పట్టిన గుమాస్తాను, నా మనుమడి లోను కాగితం మీద చూపించిన చోటల్లా సంతకం చేశాను.

మావాడు 2021లో జర్మనీ వెళ్ళాడు. ప్రతి ఆదివారం ఫోను చేసేవాడు. నేను అడిగేది ఒకటే: "ఎన్ని సబ్జెక్టులు పాసయ్యావురా?" "బాగానే ఉంది తాతయ్యా" అనేవాడు. రెండో ఏడు చలికాలంలో ఫోన్లు తగ్గాయి. ఒక దశలో మూడు వారాలు మాట లేదు. మా దగ్గర ఉన్న చిరునామాకు కబురు చేయిస్తే, ఆ హాస్టలు వదిలి ఆరు నెలలైందని తెలిసింది. తోటివాళ్ళ ఫోను నంబరు ఒక్కటీ మా దగ్గర లేదు. డెస్పాచ్ రిజిస్టరులో లక్ష చిరునామాలు రాసినవాణ్ణి, నా మనుమడి ఇంటి నంబరు నా దగ్గర లేదు.

చివరికి తెలిసినవారి అబ్బాయి ఒకడు పక్క ఊళ్ళో చదువుతున్నాడని తెలిసి బతిమాలాం. ఆ పిల్లవాడు రెండు గంటలు రైల్లో వెళ్ళి, నలుగురినీ అడిగి తలుపు తట్టాడు. మావాడు గదిలోనే ఉన్నాడు. ఒక పరీక్ష రెండుసార్లు తప్పాడు. అక్కడ చాలా విశ్వవిద్యాలయాల్లో ఒకే పరీక్ష మూడోసారీ తప్పితే ఆ కోర్సు నుంచే తీసివేస్తారు. ఆ భయంతో పుస్తకం ముట్టలేక, రాత్రిళ్ళు పార్సిళ్ళ గోడౌనులో పని చేస్తూ, పగలు నిద్రపోతూ గడుపుతున్నాడు. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగుకే చీకటి పడుతుంది. వాడు వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో!

వచ్చిన ఆ పిల్లవాడు వాణ్ణి మందలించలేదు. అన్నం వండిపెట్టి, మర్నాడు విద్యార్థి సంక్షేమ సంస్థవారి సలహా కేంద్రానికి తీసుకువెళ్ళాడు. జర్మనీలో ప్రతి విశ్వవిద్యాలయ పట్టణంలోనూ అటువంటి సంస్థ ఉంటుంది. హాస్టళ్ళు, భోజనశాలలు నడిపేది వారే. మనసు బాగాలేని విద్యార్థులకు సలహా కూడా ఇస్తారు. అందుకు సాధారణంగా పైసా తీసుకోరు. విదేశీ విద్యార్థుల కార్యాలయం వేరే ఉంటుంది. ఇవన్నీ ఉన్నాయని మావాడికి తెలియదు, చెప్పినవారు లేరు. మొత్తానికి మూడోసారి పరీక్ష గట్టెక్కాడు. ఒక ఏడాది ఆలస్యంగా చదువు పూర్తిచేశాడు.

ఇంటికి వచ్చినప్పుడు నాతో అన్నాడు: "తాతయ్యా, ఇల్లు తాకట్టులో ఉందని మీరు ఒక్కనాడూ అనలేదు. కాని మార్కులు అడిగినప్పుడల్లా నాకు ఇల్లే గుర్తొచ్చేది." మిత్రులారా, ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఇక పెద్ద ఆపదల సంగతి. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైనప్పుడు మన ప్రాంతపు వైద్య విద్యార్థులెందరో అక్కడ చిక్కుకున్నారు. 'ఆపరేషన్ గంగ' పేరిట 90 విమానాలు నడిపి తెచ్చారు. మొత్తం మీద 22,500 మందికి పైగా క్షేమంగా వచ్చారు. సంతోషమే. కాని సరిహద్దు దాకా రావటం పిల్లల పనే అయింది. రైళ్ళలో నిలబడి, మంచులో నడిచి పోలండు, రుమేనియా, హంగరీ చేరారు. తిరిగి వచ్చాక సగంలో ఆగిన చదువు మాట తలెత్తింది. ఇక్కడి కాలేజీల్లో చేర్చుకోవటానికి చట్టం ఒప్పదని అదే ఏడు సెప్టెంబరులో కేంద్రం సుప్రీం కోర్టుకు చెప్పింది.

అన్నిటికీ యుద్ధమే అక్కరలేదు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండులో ఒక జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నీళ్ళలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. కృష్ణ కాలవల్లో ఈతలు నేర్చినవాళ్ళం, మనకేం భయమని మన పిల్లలు అనుకుంటారు. ఆ దేశాల్లో ఎండ కాస్తున్నా నీళ్ళు మంచులా ఉంటాయి. దిగిన క్షణంలోనే ఊపిరి పట్టు తప్పుతుంది, ఈత వచ్చినా చేతులు ఆడవు. ఈ ఒక్క ముక్క ప్రతి పిల్లవాడికీ విమానం ఎక్కకముందే చెప్పాలి. యూరప్‌లో ఎక్కడ ఆపద వచ్చినా 112 నంబరుకు ఫోను చేయవచ్చునని కూడా చెప్పాలి.

ఆపద అక్కడే రావాలని కూడా లేదు. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు మన సభ్యుల ఇళ్ళలో కరెంటు లేదు, ఫోన్లు లేవు. అక్కడున్న పిల్లలు ఇక్కడి పెద్దల కోసం అల్లాడిపోయారు. ఒక మిత్రుని మనుమరాలికి మూడు రోజుల దాకా తాతగారు మేడ మీద క్షేమంగా ఉన్నారన్న కబురు అందలేదు. పక్క పేటలో ఉన్న ఒక్కరి నంబరు ఆ అమ్మాయి దగ్గర ఉంటే మొదటి రోజే తెలిసేది.

అందుచేత మన సంఘానికి నాలుగు సూచనలు విన్నవించుకుంటున్నాను.

మొదటిది, కాగితాల పరిశీలన. ప్రతి రెండో శనివారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా సంఘ కార్యాలయంలో ముగ్గురం కూర్చుందాం. బందరు రోడ్డు మీద కన్సల్టెన్సీలకు కొదవ లేదు. వారిలో మంచివారూ ఉన్నారు. కాని సొమ్ము కట్టేముందు కాగితం మనకు చూపించండి. విశ్వవిద్యాలయం ప్రభుత్వానిదా, ప్రైవేటుదా? ఫీజు ఎవరి ఖాతాకు వెళుతోంది? వీసా రాకపోతే ఎంత తిరిగి వస్తుంది? తరగతులు ఎదుట కూర్చుని వినేవా, ఆన్‌లైనులోవా? 2025లో బెర్లిన్‌లో కోర్సు ఆన్‌లైను తరహాదన్న కారణంతో కొందరు భారతీయ విద్యార్థులకు వీసా పొడిగింపు నిరాకరించారు. వైద్య విద్య అయితే మరీ జాగ్రత్త. 2021 నవంబరు నిబంధనల ప్రకారం కోర్సు 54 నెలలకు తగ్గరాదు, బోధన ఇంగ్లీషులో సాగాలి, ఆ విద్యాసంస్థలోనే 12 నెలల ఇంటర్న్‌షిప్, మళ్ళీ ఇక్కడ మరో 12 నెలలు చేయాలి. ఇందులో ఏది లోపించినా ఇక్కడ వైద్యునిగా రిజిస్ట్రేషన్ కాదు. ఇవన్నీ చూడటానికి విదేశం వెళ్ళి వచ్చి ఉండనక్కరలేదు. ఫైలు చదవటం మనకు వచ్చిన విద్యే.

రెండవది, ఒక రిజిస్టరు. అక్కడి చిరునామా, గదిలో ఉండే మరొకరి నంబరు, బీమా పాలసీ వివరం, దగ్గరలోని భారత రాయబార లేదా కాన్సులేటు కార్యాలయం, ఇక్కడ ఇద్దరు ఇరుగుపొరుగువారి నంబర్లు రాసి ఉంచుకుందాం. ఇష్టమున్నవారే ఇవ్వండి, బీరువాలో భద్రంగా ఉంటుంది. ఆరు నెలలకొకసారి సరిచూద్దాం. విదేశాంగ శాఖ వారి 'మదద్' పోర్టల్ 2015 నుంచి ఉంది. పిల్లలను అందులో పేరు నమోదు చేసుకోమనండి. రాష్ట్ర ప్రభుత్వపు ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ద్వారా 2018లో మొదలైన ప్రవాసాంధ్ర భరోసా బీమాలో విద్యార్థులకూ వీలు కల్పించారు. వెళ్ళేముందు విచారించండి.

మూడవది, ఒక వినతిపత్రం. జర్మనీ విద్యార్థి వీసాకు 2022 నవంబరు 1 నుంచి ఎ.పి.ఎస్. అనే ధ్రువీకరణ పత్రం తప్పనిసరి. దానికి మార్కుల జాబితాలు కావాలి. వాటి కోసం పిల్లలు తమ విశ్వవిద్యాలయ కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నారు. ఇన్ని రోజుల్లో ఇచ్చి తీరాలని గడువు పెట్టాలని, ఆ గడువును గోడ మీద రాయాలని మనం కోరాలి.

ఈ మాట అనే హక్కు నాకు ఉన్నదా అని ఆలోచించాను. 1980లలో ఒక కుర్రవాడు విదేశీ స్కాలర్‌షిప్పు కోసం ఆదాయ ధ్రువపత్రానికి నా బల్ల దగ్గరకు మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ "రేపు రావయ్యా" అన్నాను. పై అధికారి క్యాంపులో ఉన్న మాట నిజమే, కాని ఫైలు నా బల్ల మీదే ఉన్న మాట కూడా నిజమే. నాలుగోసారి అతను రాలేదు. గడువు దాటిపోయిందని తరువాత తెలిసింది. నేను చెడ్డవాణ్ణి కాను, లంచం అడగలేదు. కాని అతని చదువు నా "రేపు"లో పోయింది. ఈ సంఘంలో నా వయసువారికి ఇటువంటి "రేపు"లు ఒకటి రెండు గుర్తుండే ఉంటాయి. రెండో శనివారాలు కూర్చుందామని నేను అనటంలో ఆ బాకీ కూడా కొంత ఉంది.

నాలుగవది ఖర్చు లేనిది. ఫోనులో పిల్లలను మొదట అడిగే ప్రశ్న మార్చుకుందాం. "తిన్నావా? నిద్రపోతున్నావా? మీ గదిలో ఎవరెవరున్నారు?" అని అడుగుదాం. మార్కులు వాళ్ళే చెబుతారు. పరీక్ష తప్పినా ఇంటికి ఫోను చేయవచ్చునన్న ధైర్యం ముందే ఇద్దాం. ఇల్లు పోతే అద్దె ఇంట్లో ఉందాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో మనమంతా అద్దె ఇళ్ళలో ఉన్నవాళ్ళమే కదా.

వచ్చే రెండో శనివారం నుంచి నేను ఆ బల్ల దగ్గర ఉంటాను. ఇంకా ఇద్దరు కావాలి. కార్యదర్శి గారి వద్ద పేర్లు ఇవ్వండి. వచ్చినవారిని మాత్రం రేపు రమ్మని అనకూడదు.