గోదావరి యొడ్డున నొక చిత్రకారుడు
(ఒక పఠనమందిర సభలో చేసిన యుపన్యాసము)



రాజమహేంద్రవర మనగానే మనకు నన్నయభట్టారకుడును, కందుకూరి వీరేశలింగము పంతులుగారును తోచుదురు. తోచవలసినదే. కాని ఆ పట్టణమందే 1897లో పుట్టి, 28వ యేడు నిండకమున్నే 1925లో గతించిన చిత్రకారుడొకడు గలడు. దామెర్ల రామారావుగారి పేరు విని మనలో నెందరు తల యూపుదురో మేము లెక్కింపబోము.

ఆ కాలమున మన యిండ్ల గోడలు బోసిగా నుండెనని కాదు. 1894లో నెలకొన్న రవివర్మ ముద్రణాలయపు లక్ష్మీ సరస్వతుల పటములు వాడవాడల వ్రేలాడుచుండెను. వానిని నిందింపము, మేమును వానికి మ్రొక్కుచు పెరిగినవారమే. అయినను వానిలో మన గోదావరి లేదు, మన కొండల నీడ లేదు, మన యాడువారి నడక లేదు.

రామారావుగారి చేతి నేర్పును గుర్తించి ప్రోత్సహించినవారు రాజమహేంద్రవర కళాశాలాధ్యక్షులైన కూల్డ్రే దొరగారు. మన పిల్లవాని విలువ పరదేశీయుడు చెప్పవలసివచ్చుట మనకు సిగ్గు. చెప్పిన యా దొరకు మాత్రము మనము ఋణపడి యుందుము. 1916లో రామారావుగారు బొంబాయి జె. జె. చిత్రకళాశాలకు పోయిరి. చదువు ముగించి కాఠియవాడ సీమ తిరిగి యచ్చటి పాలపడతులను చిత్రించిరి. బొంబాయిలోనే నిలిచి ధనికుల రూపపటములు వ్రాసికొనుచు సుఖముగా బ్రదుకవచ్చును. వారు రైలెక్కి యింటికి వచ్చిరి.

వచ్చి యేమి చేసిరి? గోదావరిని చిత్రించిరి. పడుచువారిని కూర్చుకొని చిత్రకళాశాల పెట్టిరి. అంతకంటె మమ్ము ఆశ్చర్యపరచునది వారి యింటిలో జరిగినది. భార్య సత్యవాణిగారును, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారును కుంచె పట్టి చిత్రకారిణులైరి. పంతులుగారు ధవళేశ్వరమున బాలికల పాఠశాల తెరచినది 1874లో. ఆడుపిల్లకు అక్షరము లెందుకని ఆనాడు పోరాడినవారున్నారు. అర్ధశతాబ్దము తిరుగునప్పటికి ఆ పొరుగుననే యొక యింటిలో ఆడువారు రంగులు కలుపుచుండిరి. బాధ్యతగల పెద్దలు ఇట్టి యింటిని గూర్చి వీధిలో నేమనుకొనిరో మీరే యూహింపుడు!

ఆంధ్రులకు తమదైన చిత్రరచనారీతి యుండవలెనని వారి కోరిక. ఆ దినములలోనే మచిలీపట్టణపు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయులు వంగరీతిని నేర్పుచుండిరి. ఆ ఋణమును మనము మరువరాదు. రామారావుగారును నలుదెసలనుండి నేర్చినవారే. అయితే నేర్చినదానిని తెచ్చి తన యూరి వెలుతురులో చూచుకొనుట వేరు.

అంతలో మశూచి వచ్చినది. టీకా యెరిగిన లోకములోనే వచ్చినది. ఆ వ్యాధి భూమిపై నిక లేదని 1980లో ప్రకటించిరి. ఈ యింటికి ఆ శుభవార్త 55 ఏండ్లు ఆలస్యము. మిత్రులు వరదా వెంకటరత్నముగారు పాఠశాలను విడువక నడపిరి. చిత్రములు నేడును ఆ పట్టణమున వారి పేరిటి చిత్రశాలలో నున్నవి. పుష్కరములకు పోయి నదిలో మునిగి, ఆ గుమ్మము త్రొక్కకయే తిరిగివచ్చు మనవారిని ఏమనవలెను? మేమును ఒకమారు అట్లే వచ్చితిమి గనుక గట్టిగా ననలేము.

ఇక ఈ సభలోని తండ్రులతో నొక మాట. లెక్కల పుస్తకపు అంచున పిల్లవాడు ఎద్దు బొమ్మ వేసినచో కాగితము చించుచున్నాము. బొమ్మలు కూడు పెట్టునా యనుచున్నాము. పెట్టకపోవచ్చును, రామారావుగారికి ఎంత పెట్టెనో మేము చెప్పలేము. కాని ఆ పిల్లవాడో, ఆ పిల్లయో పట్టణమునకు పోయి నేర్చి తిరిగి వచ్చినచో ఈ యూరిలో వారి చిత్రమును తగిలించుటకు చోటున్నదా?

ఈ మందిరపు ఉత్తరపు గోడ చూడుడు. ఒక గడియారమును, నిరుటి పంచాంగమును మాత్రమే యున్నవి. మన యూరి బడిపిల్లలు వేసిన బొమ్మలలో నొకదానిని నెలనెలా అచ్చట పెట్టింపగోరితిమి. కార్యదర్శిగారు మేకు కొట్టుటకు ఒప్పుకొనిరి. మొదటి బొమ్మ వచ్చు ఆదివారమునకు కావలెను.