పరాయి రేవులో వదిలేసిన పడవ

 

ప్రతి శుక్రవారం మనం పఠించే కహఫ్ సూరాలో ఒక పడవ ప్రస్తావన ఉంది. సముద్రంపై కష్టపడి బ్రతికే నిరుపేదల పడవ అది. హజ్రత్ మూసా (అలైహి)తో కలసి అందులో ప్రయాణిస్తూ హజ్రత్ ఖిజర్ (అలైహి) దానికి లోపం కలిగించారు. పడవలను బలవంతంగా స్వాధీనం చేసుకునే రాజు ఒకడు ఆ వైపు ఉన్నాడని, అతని బారి నుంచి దాన్ని కాపాడేందుకే అలా చేశానని తరువాత వివరించారు. ఈ వారమంతా ఆ పడవ మాకు పదేపదే గుర్తుకు వచ్చింది.

మన మసీదులోనే నమాజు చేసే ఒక సోదరుడు అడిగిన ప్రశ్న అందుకు కారణం. ఆయన అనుమతితోనే, పేరు చెప్పకుండా, దాన్ని మీ ముందు ఉంచుతున్నాము. గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఆయన అక్కడి భాగస్వామితో కలసి ఒక ఫైబర్ చేపల పడవ కొన్నారు. తల్లి అనారోగ్యం వల్ల ఇంటికి వచ్చి, తిరిగి వెళ్లలేకపోయారు. మూడేళ్లుగా పడవ ఆ రేవులోనే కట్టి ఉంది. ఇంజనులోకి ఉప్పునీరు చేరింది, అడుగున పగులు పడింది. కాపలా ఉన్న బంగ్లాదేశ్ సోదరునికి ఎనిమిది నెలల జీతం బాకీ. రేవు రుసుము పెరుగుతూనే ఉంది. ఇంతలో ఫోనులో ఒక బేరం కుదిరింది. కొనేవాడు మన ఉత్తరాంధ్ర వాడే, అప్పు చేసి కొంటున్నాడు. అతనికి పంపినవి మొదటి ఏడాది తీసిన ఫొటోలు. “ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నానని కాగితంలో రాసుకుంటే సరిపోదా?” అని మన సోదరుడు అడిగారు.

ఈ ప్రశ్నలో కొత్తదనమేమీ లేదు. ఒకనాడు దైవప్రవక్త (సఅసం) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వాన పడిందని వ్యాపారి చెబితే, తడిసిన ధాన్యాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని నిలదీశారు. మోసగించేవాడు మావాడు కాడని హెచ్చరించారు. పాత ఫొటో అంటే పైన పరచిన పొడి ధాన్యమే కదా!

సహాబీ హజ్రత్ వాసిలా బిన్ అస్ఖఅ (రజి) సంఘటన ఇంకా సూటిగా ఉంటుంది. ఒకడు ఒంటెను కొని తోలుకుపోతూ ఉంటే ఆయన ఆపి, మాంసానికా ప్రయాణానికా అని అడిగారు. హజ్ యాత్రకని చెప్పగా, దాని గిట్టలో రంధ్రం ఉందని తెలియజేశారు. అమ్మినవాడు తన బేరం చెడగొట్టావని కోప్పడ్డాడు. లోపం తెలిసినవాడు దాన్ని చెప్పకుండా ఉండడం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (సఅసం) నుంచి విన్నానని ఆయన బదులిచ్చారు. గమనించండి, ఆ ఒంటె ఆయనది కానే కాదు.

ఇక కాగితం సంగతి. లోపాలకు బాధ్యత వహించనన్న షరతుతో జరిగే అమ్మకం గురించి మన హనఫీ ఫుఖహా చర్చించారు, దాన్ని అనుమతించారు కూడా. అయితే ఆ షరతు అబద్ధపు చిత్రం చూపించడానికి అనుమతిపత్రం కాదు. పైగా చూడకుండా కొన్నవానికి, వస్తువును చూశాక బేరం రద్దు చేసుకునే హక్కును మన మజ్‌హబ్ ఇచ్చింది. ఖియారుర్రూయత్ అంటే అదే.

కొందరు ఇంకో దారి సూచిస్తారు. అమ్ముడుపోకపోతే తాడు విప్పి వదిలేయమంటారు, పట్టించుకోవడం మానేయమంటారు. విశాఖ జిల్లా వాసులకు ఈ మాట వినగానే ఒక దృశ్యం కళ్లముందు నిలవాలి. 2020 అక్టోబరు 13న తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటిన వేళ, ‘మా’ అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ లంగరు నిలవక తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకు వచ్చింది. అల్లాహ్ దయవల్ల అందులోని 15 మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. దాన్ని తేల్చి తీసుకుపోయే ప్రయత్నాలు ఫలించలేదు. హోటలుగా మార్చాలని పర్యాటక శాఖ సంకల్పించింది. ఓడ మాత్రం ఏళ్లపాటు తుప్పు పడుతూ అక్కడే నిలిచింది. అది గాలివాన తెచ్చిన ఆపద, ఎవరినీ నిందించడానికి చెప్పడం లేదు. కదలని ఓడను వదిలించుకోవడం ఎంత కష్టమో మన కళ్లతో చూశామని చెప్పడానికే.

పెద్ద ఓడలకు చట్టముంది. 2007 నాటి నైరోబీ ఒప్పందం 2015 నుంచి అమలులో ఉంది. శిథిలాన్ని తొలగించే భారం అది ఓడ యజమానిపైనే మోపుతుంది, 300 టన్నులు, అంతకు మించిన ఓడలకు బీమా తప్పనిసరి చేస్తుంది. చిన్న ఫైబర్ పడవను ఆ బీమా నిబంధన అడగదు. కానీ మునిగిన పడవకు ఎవరి వల చిక్కుకుంటుందో ముత్యాలమ్మపాలెం, తిక్కవానిపాలెం మత్స్యకారులను అడగండి. ఫైబర్ కుళ్లి మట్టిలో కలిసేది కాదు. డీజిలు, బ్యాటరీలోని ఆమ్లం నీటిలోకే పోతాయి. దారిలోని హానికర వస్తువును తొలగించడాన్ని ఈమాన్ శాఖగా నేర్చుకున్న మనం, నీటిదారిలో హానిని ఎలా వదలగలం?

మరొక మాట కాస్త నిష్ఠూరంగానే చెబుతాము. ఎవరూ కొనని దాన్ని మసీదుకు, మదరసాకు రాసిచ్చి పుణ్యం కట్టుకోజూసేవారు ఉంటారు. మనమే కళ్లు మూసుకుంటే తప్ప తీసుకోని దాన్ని దానమివ్వవద్దని బఖరా సూరా మనల్ని వారిస్తోంది. రేవు బాకీతో సహా పడవను వక్ఫ్‌కు అంటగట్టడం ఏ దానం?

మన సోదరునికి మేము చెప్పింది ఇది. ముందు కాపలాదారు జీతం. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ధర్మంలో ఎనిమిది నెలలు ఎంత దీర్ఘం! రేవు రుసుము కూడా రుణమే. యజమాని కన్నుమూస్తే, వారసుల వాటాలకన్నా ముందు తీర్చవలసిన రుణం. భాగస్వామి సమ్మతి రాతపూర్వకంగా తీసుకోవాలి. నేడు తీసిన ఫొటోలు, పగులు కనబడేలా, పంపాలి. అప్పటికీ ఎవరూ కొనకపోతే, అక్కడి నిబంధనల ప్రకారం ఖర్చు పెట్టి విడగొట్టించాలి.

ఆయన బుధవారం రాత్రి కొత్త ఫొటోలు పంపారు. కొనేవాడు బేరం వదులుకోలేదు కానీ, ధర సగానికి తగ్గించాడు. ఆ సొమ్ము జీతానికి సరిపోతుంది, రేవు రుసుములో కొంత ఇంకా మిగులుతుంది. దాన్ని నెలనెలా కట్టేందుకు గడువు అడుగుతూ ఆయన రేవు కార్యాలయానికి ఉత్తరం రాశారు, బదులు రావలసి ఉంది. ఆయన కోసం, ఆ కాపలాదారు కోసం, అప్పు చేసి ఆ పడవతో సముద్రంలోకి వెళ్లబోయే సోదరుని కోసం ఈ రోజు దుఆ చేద్దాం. ఆమీన్.