ముచుకుందుని నిద్ర



వికారాబాదు చెంతనున్న అనంతగిరిపై శ్రీ అనంతపద్మనాభస్వామి కొలువై యున్నాడు. ఈ కొండలలో పుట్టిన మూసీనదికి ముచుకుందానది యని పేరు. ఆ పేరుగల రాజర్షి నిదురించిన గుహ ఇచటిదేయని పెద్దలు చెప్పుదురు. నేడు ఆయన నిద్రను గూర్చియే మనవి చేయదలచితిమి.

మాంధాత కుమారుడైన ముచుకుందుడు దేవతల పక్షమున అసురులతో చిరకాలము పోరాడెను. యుద్ధము ముగియునప్పటికి ఆయన పుత్రులు, రాణులు, మంత్రులు కాలగర్భమున కలిసిపోయిరి. మోక్షము తప్ప ఏ వరమైనను కోరుకొమ్మని దేవతలు పలికిరి. ఆ మహావీరుడు రాజ్యము నడుగలేదు, స్వర్గము నడుగలేదు. దేవదత్తమైన నిద్రతో గుహలో శయనించెను. శ్రీమద్భాగవతము దశమస్కంధము 51వ అధ్యాయమున ఈ కథ గలదు. దీనిని సోమరితనమని వ్యాసులవారు ఎచ్చటను నిందింపలేదు.

అలసట వేరు, సోమరితనము వేరు. సుశ్రుతసంహిత శారీరస్థానమున ఈ రెంటికి వేర్వేరు లక్షణములు చెప్పబడినవి. శ్రమింపకయే దేహమున పెరుగు బడలికకు క్లమమని పేరు. శక్తి యుండియు పనియందు ఉత్సాహము లేకుండుట ఆలస్యము. పతంజలి మహర్షియు యోగాంతరాయములలో వ్యాధిని, ఆలస్యమును విడివిడిగా లెక్కించెను.

ఇది చదివియు మేము ఒకప్పుడు పొరపడితిమి. మా కడ వేదాధ్యయనము చేయుచుండిన తాండూరు బాలుడొకడు బ్రాహ్మీముహూర్తమున లేవలేకపోయెడివాడు. సంథ చెప్పుకొనుచునే కునికిపాట్లు పడెడివాడు. "సోమరీ!" యని పదిమందిలో మందలించితిమి. కొన్ని నెలలకు అది క్షయవ్యాధి యని తేలినది. మందులతో వ్యాధి నయమైనది. ఏండ్లు గడచిన పిమ్మట అతడు వచ్చి, "గురువుగారూ! ఆనాడు నేను నిజముగా సోమరినేనా?" యని అడిగినాడు. మా నోట మాట రాలేదు. గుహలో నిదురించువానిని కాలితో తన్నినవాడు కాలయవనుడు. ఆనాడు మేము చేసినదియు అదియే.

ఈ అనంతగిరిపైననే నిజాంపాలనాకాలమున క్షయరోగుల ఆసుపత్రి వెలసినది. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడుటకు పూర్వము మంచి గాలి, పుష్టికరమైన ఆహారము, విశ్రాంతి ఇవియే క్షయకు ముఖ్యచికిత్సలు. విశ్రాంతియును ఔషధమే యని ఈ కొండ మనకు బోధించుచున్నది.

తాండూరు నాపరాతి గనులలో దుమ్ము పీల్చుచు శ్రమించువారు, మూత్రపిండములు చెడి వారమునకు రెండు మూడు మారులు రక్తశుద్ధి చేయించుకొనువారు, ఆమవాతముతో బాధపడువారు మీ ఇండ్లలో ఉండవచ్చును. నిన్న నడచినవాడు నేడు లేవలేకపోవచ్చును. అది నటన కాదు. "అందరము అలసిపోవుటలేదా?" యని ఎత్తిపొడువకుడు. ఒక గ్లాసు నీళ్ళు చేతికందించి, చేయవలసిన పనిలో ఒకటి మీరు పంచుకొనుడు. రెండు వారములు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట కనిపించినచో వెంటనే వైద్యుని కడకు తోడ్కొనిపొండు. సర్కారు ఆసుపత్రులలో క్షయకు మందులు ఉచితము. నడుమ మానక వైద్యుడు చెప్పినంతకాలము వాడవలెను.

వ్యాధిగ్రస్తులైన సోదరీసోదరులకు ఒక మాట. అనుష్ఠానము లోపించినదని కుమిలిపోకుడు. గాయత్రీజపమునకు వేయి ఉత్తమము, నూరు మధ్యమము, పది కనిష్ఠమని స్మృతియే మెట్లు కట్టినది. మునుగలేనివానికి మంత్రస్నానము, మానసస్నానము గలవు. ఔషధసేవనమువలన వ్రతభంగము లేదని ధర్మశాస్త్రము. నేడు పదికే ఓపిక యున్నచో పదియే చేయుడు. అదియు లేనినాడు పడుకొనియే స్వామి నామమును తలచుకొనుడు.

ముచుకుందుడు లేచి భగవంతుని వెదకికొని పోలేదు. అలసి నిదురించిన ఆయన యున్న గుహకు శ్రీకృష్ణుడే నడచివచ్చెను. కన్ను తెరచినంతనే దర్శనమిచ్చెను. మంచము దిగలేనివారి గదికిని ఆ స్వామి రాగలడు. వచ్చునప్పటికి ఆ గదిలో కాలయవనుడు లేకుండ చూచుకొనుట మన ధర్మము.

మా శిష్యునకు ఆనాడు ఈయలేని సమాధానము ఇదియే: "నాయనా! నీవు సోమరివి కావు. పొరపాటు మాదే."

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.