అర్ధరాత్రి ఆట

కథకొరకు రాత్రిని వెచ్చించుట మన ప్రజలకు క్రొత్త కాదు. తోలుబొమ్మలాట, వీధిభాగవతము పొద్దుపోయిన పిమ్మట మొదలై తెల్లవారుదాక సాగెడివి. నిద్ర నాపుకొనలేని బిడ్డలు తల్లుల ఒడిలోనే ఒరిగెడివారు. నేడు ఆ ముచ్చటయే సినిమాహాలు వాకిట కనిపించుచున్నది. మేమును తొలినాటి తొలి ఆటకు వరుసలో నిలిచినవారమే. కావున ఆ సంబరమును తప్పుపట్టబోము.

రెండవ భాగముగా వచ్చు వీరకథా చిత్రములకు ఈ ఆతురత మరింత హెచ్చు. 2015 జూలై 10న విడుదలైన 'బాహుబలి' మొదటి భాగము, కట్టప్ప తన ప్రభువు నేల చంపెనన్న ప్రశ్నతో ముగిసినది. సమాధానము 2017 ఏప్రిల్ 28న గాని వెలువడలేదు. ఇంచుమించు 22 నెలలు ఆ ప్రశ్న ఇంటింట నలిగినది. అట్టి కథను అందరికంటె ముందు తెలిసికొనవలె ననిపించుట సహజము. మరునాడు ఎవరైన నోరుజారి చెప్పివేయుదురేమో యను బెంగయు నుండును. 'బెనిఫిట్ షో' యనగా మొదట సహాయార్థ ప్రదర్శన మని అర్థము. ఇప్పుడది హెచ్చు ధర టిక్కెట్టుతో జరుగు తొలి ఆటకు పేరైనది.

అయినను 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రిని మనము మరువరాదు. 'పుష్ప' రెండవ భాగపు ముందస్తు ఆటకై హైదరాబాదు ఆర్‌టీసీ క్రాస్ రోడ్స్‌లోని ఒక హాలువద్ద జనము క్రిక్కిరిసిరి. కథానాయకుడు వచ్చినవేళ తోపులాట చెలరేగినది. కుటుంబముతో చిత్రము చూడవచ్చిన ఒక తల్లి ప్రాణము విడిచినది. ఆమె కుమారుడు నెలల తరబడి ఆసుపత్రిలో నుండవలసివచ్చెను. ప్రత్యేకపుటాటలకు ఇకమీదట అనుమతి యుండదని తెలంగాణ ముఖ్యమంత్రి ఆ నెలలోనే శాసనసభలో ప్రకటించిరి. మరుసటి సంవత్సరమే రాత్రి ఆటలు మరల వచ్చినవి.

వీధిభాగవతమునకు నాలుగు దిక్కుల బయలు; హాలుకు కొలది తలుపులు. భేదమంతయు నిందే యున్నది. ముందువారు ఆగిన సంగతి వెనుకవారికి తెలియదు. ఒక్కొక్కరు ఒక్క అడుగే వేసినను, ఆ బరువంతయు తలుపు చెంతనున్నవారి రొమ్ములపై బడును. ఇట్టి మరణములలో పెక్కు ఊపిరాడకపోవుటవలననే కలుగుచున్నవి. గుంపులో చిక్కినవారు చేతులను రొమ్మున కడ్డముగా నుంచుకొని, త్రోపునకు ఎదురొడ్డక, అది సడలినప్పుడెల్ల ఏటవాలుగా అంచువైపు జరుగవలెను. క్రిందపడిన వస్తువుకై వంగరాదు. హాలువారు టిక్కెట్టు లేనివారిని వీధిలోనే నిలిపి, తలుపులన్నియు తెరచియుంచవలెను. నటుడు వచ్చు సంగతి తెలిసినప్పుడు ఈ జాగ్రత్త ఇమ్మడింపవలెను.

గృహస్థులకు మా మనవి ఒక్కటే. పసివారిని ఆ రాత్రి గుంపులోనికి కొనిపోవద్దు. అర్ధరాత్రి చూపిన కథయే మరునాటి పగటి ఆటలోను ఉండును. కట్టప్ప చెప్పు కారణము అప్పటికిని మారదు.