ఫొటో కింద పేరు రాసేదెవరు?

(యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈసారి మేము మాట్లాడదలచుకున్నది ఉద్యోగం గురించే. టీచరు, నర్సు, కానిస్టేబుల్ ఉద్యోగాల గురించి ఎన్నోసార్లు చెప్పుకున్నాం. అవి కావాలి, వాటికి చదవండి. కానీ మనలో చాలామంది పేరు కూడా వినని పని ఇంకొకటుంది. దాన్ని చేసేవారిని క్యూరేటర్ అంటారు. ఒక కళా ప్రదర్శన పెట్టాలంటే ఎవరి పనులు పెట్టాలి, ఏది దేని పక్కన ఉండాలి, పక్కన కార్డు మీద ఏం రాయాలి, పుస్తకంలో ఏ వ్యాసాలు వేయాలి, ఇవన్నీ తేల్చే మనిషి అన్నమాట. మ్యూజియంలో నెల జీతానికి చేసేవాళ్లున్నారు. ఏ సంస్థకూ కట్టుబడకుండా తామే ఒక ఆలోచన పట్టుకుని, రాసి, నలుగురిని ఒప్పించి, డబ్బు కూడగట్టి చేసేవాళ్లూ ఉన్నారు. వీళ్లు స్వతంత్ర క్యూరేటర్లు.

మాట కొత్తదే గానీ పని మనకు కొత్తది కాదు. గోండుల్లో ఏ గోత్రానికి ఏ కథో గుర్తుపెట్టుకుని కిక్రి వాయిస్తూ చెప్పేది పర్ధాన్. కోయల పడిగె చూడండి. బట్ట మీది బొమ్మలన్నీ ఇలవేల్పు కథే. పడిగె విప్పినప్పుడు పక్కన డోలి వాయిస్తూ ఆ కథ చెప్పే మనిషి ఉంటాడు. అలా చెప్పిన గొంతుకే, మన సకిని రామచంద్రయ్య గారికి, 2022లో పద్మశ్రీ వచ్చింది. అదే పడిగెను అద్దాల పెట్టెలో పెడితే బొమ్మ మిగులుతుంది, మనిషి పోతాడు. కార్డు మీద తెగ పేరు ఉంటుంది, చేసినవారి పేరు ఉండదు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. అమ్మకానికి పెట్టిన డోక్రా బొమ్మ కింద, దాన్ని పోత పోసిన ఓజా పేరు మీలో ఎంతమంది చూశారు?

ఈ పేరు లేని కార్డు సంగతి ఒక్క మనదే కాదు. 1991లో న్యూయార్క్‌లో ఆఫ్రికా కళల మీద ఒక పెద్ద ప్రదర్శన జరిగింది. అందులో మాలి దేశపు బమాకో పట్నంలో తీసిన కొన్ని ఫొటోలు పెట్టారు. చక్కటి బట్టలు కట్టుకుని, పూల దుప్పటి తెర ముందు నిలబడిన మనుషులు. కింద తీసినవారు తెలియదని రాశారు. ఆ తెలియని మనిషి అప్పటికి బమాకోలోనే బతికి ఉన్నాడు. పేరు సేదూ కేటా. 1948లో స్టూడియో పెట్టుకుని ఊరందరికీ ఫొటోలు తీసినవాడు. ఊళ్లో ఎవరిని అడిగినా చెప్పేవారు. అడిగినవారే లేరు. ఆ ప్రదర్శన తర్వాత వెతుక్కుంటూ వెళ్లినవారికి ఆయన దొరికాడు.

అయిదేళ్లకు, 1996లో, అదే న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో 30 మంది ఆఫ్రికా ఫొటోగ్రాఫర్ల ప్రదర్శన జరిగింది. కేటా అందులో పేరుతో సహా ఉన్నాడు. ఆ ప్రదర్శన కూర్చిన నలుగురిలో ఒకరు ఓక్వీ ఎన్వెజోర్. మేము ఈరోజు చెప్పదలచుకున్నది ఈయన గురించే.

ఎన్వెజోర్ 1963లో నైజీరియాలోని కలబార్‌లో పుట్టాడు. ఇగ్బో జాతివాడు. ఆయనకు నాలుగేళ్లు నిండకముందే బయాఫ్రా యుద్ధం మొదలైంది. కుటుంబం ఇల్లు వదిలి చోటు మీద చోటు మారింది. పోలవరం ముంపు ఊళ్ల నుంచి కదిలిన మనవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. 1982లో చదువుకని అమెరికా వెళ్లాడు. చదివింది రాజనీతి శాస్త్రం. కళల కాలేజీ మెట్లెక్కలేదు, బొమ్మలు వేయలేదు. కవిత్వం రాసి న్యూయార్క్ వేదికల మీద చదివేవాడు. ప్రదర్శనలకు వెళ్లి చూసేవాడు. ఎక్కడా ఆఫ్రికా కళాకారులు కనబడరు, కనబడినా పాతకాలపు ముసుగులూ కొయ్య బొమ్మలే. ఈ రోజు బతికి ఉన్న ఆఫ్రికా మనిషి ఏం చేస్తున్నాడో ఎవరికీ పట్టలేదు.

అప్పుడాయన ఏ మ్యూజియానికీ ఉద్యోగం కోసం అర్జీ పెట్టుకుని కూర్చోలేదు. 1994లో సలా హసన్, ఓలూ ఒగూబే లాంటి మిత్రులతో కలిసి ఒక పత్రిక పెట్టాడు. పేరు న్కా. ఇగ్బోలో కళ అని అర్థం. ఇంగ్లీషు పత్రికకు సొంత భాషలో పేరు. పత్రికలు నడిపి మేడలు కట్టినవాళ్లు లేరు. కానీ తన వాళ్ల గురించి తన మాటల్లో, పేర్లతో, తేదీలతో రాసినది అచ్చులో ఉంది. రెండేళ్లకు గుగ్గెన్‌హైమ్‌లో ఆ ప్రదర్శన. మా దృష్టిలో ఆయన వృత్తి జీవితానికి పునాది ఈ పత్రికే. అది ఇప్పటికీ వస్తోంది.

1997లో దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్ బినాలే ఆయన చేతికొచ్చింది. వర్ణవివక్ష పోయి మూడేళ్లే అయింది. నగరం దగ్గర డబ్బుల్లేక ప్రదర్శనను గడువుకు నెల ముందే మూసేశారు. స్థానికులకు అది అందలేదన్న విమర్శ కూడా వచ్చింది, అందులో నిజం లేకపోలేదు. ఈ పనిలో ఇదీ ఉంటుంది. నెల జీతం ఉండదు, ఒప్పుకున్న డబ్బు మధ్యలో ఆగిపోతుంది, తిట్లు మాత్రం నిండుగా వస్తాయి. మరుసటేడు, 1998లో, ఆయన్ను డాక్యుమెంటాకు కళా దర్శకుడిగా ఎంచుకున్నారు.

డాక్యుమెంటా జర్మనీలోని కాసెల్ పట్నంలో 1955 నుంచి జరుగుతోంది. ఇప్పుడు అయిదేళ్లకోసారి, 100 రోజులు. కళారంగంలో దాన్ని మించిన జాతర తక్కువ. అంతకు ముందు పదిసార్లూ నడిపింది యూరప్ వాళ్లే. పదకొండోది ఎన్వెజోర్‌ది. ఆయన అందరినీ కాసెల్‌కు పిలవడంతో సరిపెట్టలేదు. ముందు చర్చలనే ఊరూరా తిప్పాడు. వియన్నా, బెర్లిన్, సెయింట్ లూసియా, లాగోస్, మన న్యూఢిల్లీ కూడా. 2001 మేలో ఢిల్లీలో జరిగిన చర్చ అన్యాయం జరిగిపోయాక నిజం ఎలా బయటికి రావాలి, న్యాయం ఎలా జరగాలి అన్నదాని మీద. కళకూ దీనికీ ఏం సంబంధం అని కొందరు అడిగారు. ఇంద్రవెల్లి స్తూపం దగ్గర ఒక్కసారైనా నిలబడినవాళ్లు ఆ ప్రశ్న అడగరు.

2002లో కాసెల్ ప్రదర్శనను ఆరున్నర లక్షల మంది చూశారు. అందులో మేము మీకు ప్రత్యేకంగా చెప్పాలనుకున్నది ఇగ్లూలిక్ ఇసుమా బృందం గురించి. ఇగ్లూలిక్ కెనడా ఉత్తరాన మంచు సముద్రం మధ్య ఉన్న ఇన్యూట్ ఆదివాసుల ఊరు. 1970లలో ఆ ఊరికి టీవీ ఇస్తామంటే, అందులో తమ భాష లేదని రెండుసార్లు ఓటు వేసి వద్దన్నారు! ఆ ఊరి జాకరియాస్ కునుక్ రాతి బొమ్మలు చెక్కేవాడు. 1981లో ఆ బొమ్మలు అమ్మి వచ్చిన డబ్బుతో వీడియో కెమెరా కొన్నాడు. తర్వాత మిత్రులతో బృందం కట్టాడు. ఇసుమా అంటే ఆలోచన. 1945 నాటికి తాతలు ఎలా బతికారో, వేట, కుక్కల బండి, మంచు ఇల్లు, క్రైస్తవ గురువు రాక, అన్నీ ఊరివాళ్లే నటించి, తమ భాషలోనే 13 భాగాలుగా తీశారు. పేరు నూనావుత్, అంటే మన నేల. ఎన్వెజోర్ దాన్ని తెచ్చి, లోకంలోని పెద్ద పెద్ద కళాకారుల సరసన పెట్టాడు. జానపదం అని వేరే గది కట్టలేదు. కార్డు మీద బృందం పేరు ఉంది.

క్యూరేటర్ చేసే పని ఇదే. ఇసుమా వాళ్లకు సినిమా తీయడం ఆయన నేర్పలేదు, ఆయన లేకపోయినా వాళ్లు తీసేవారే. కానీ ఏది దేని పక్కన ఉండాలో తేల్చే కుర్చీలో, ఆ పక్కపక్కన పెట్టడం ఎంత అవసరమో తెలిసినవాడు కూర్చున్నాడు.

మన దేశంలో ఈ ఆలోచన అంతకు ముందే ఉంది. 1982లో భోపాల్ భారత్ భవన్‌లో చిత్రకారుడు జె. స్వామినాథన్ ఆదివాసీ చిత్రాలనూ నగర కళాకారుల చిత్రాలనూ ఒకే కప్పు కిందికి తెచ్చారు. పటన్‌గఢ్ పర్ధాన్ యువకుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ పేరు లోకానికి తెలిసింది అక్కడి నుంచే. అయితే ఎంచుకున్నది స్వామినాథన్. ఎంచుకునే కుర్చీలో మనవాళ్లు కూర్చోవడం ఇంకా అరుదే.

ఎన్వెజోర్ తర్వాతి జీవితం క్లుప్తంగా చెబుతాం. 2011 నుంచి మ్యూనిక్‌లో, నాజీలు 1937లో ప్రారంభించిన కళా భవనానికే డైరెక్టర్‌గా ఉన్నాడు. 2015లో వెనిస్ బినాలే నడిపాడు. అక్కడ మార్క్స్ పెట్టుబడి గ్రంథాన్ని నెలల తరబడి పైకి చదివించాడు. సొంత పడవల్లో దిగే కోటీశ్వరుల మధ్య ఆ చదువు ఎవరి చెవిన పడిందో మాకు అనుమానమే. 2019 మార్చిలో క్యాన్సర్‌తో 55 ఏళ్లకే పోయాడు. ఆయన తలపెట్టిన చివరి ప్రదర్శనను మిత్రులు పూర్తిచేసి 2021లో న్యూయార్క్‌లో తెరిచారు.

ఇక మీకు ఒక పని. 1940లలో మార్లవాయిలో ఉండి హైమన్‌డార్ఫ్ దొర తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. ఇంటర్నెట్‌లో చూడవచ్చు. వాటిలో చాలా ముఖాలకు పేర్లు లేవు. ఆనాడు చిన్నపిల్లలుగా ఉన్నవారు ఇప్పుడు ఎనభై దాటారు. పుష్యమాసంలో నాగోబా జాతరకు కేస్లాపూర్ వచ్చేటప్పుడు ఆ ఫొటోలు ఫోన్లో వేసుకు రండి. మీ అవ్వకు, తాతకు, పక్క గూడెం ముసలివాళ్లకు చూపించి ఎవరని అడగండి. పేరు, ఊరు, గోత్రం రాసుకోండి. ఆ ఇంటివాళ్ల ఒప్పుదల తీసుకోండి. సోయాస్ అనుమతి అడిగే పని మేము చూసుకుంటాం. వచ్చే సంచికలో ఫొటో కింద ఆ మనిషి పేరు వేస్తాం, దాని కింద కనుక్కుని రాసిన మీ పేరు కూడా.