పంటి వేరు ఆపరేషన్: నా అనుభవం



నా కింది దవడ పన్నుకు రెండుసార్లు రూట్ కెనాల్ చేసినా వేరు కొస దగ్గర చీము తగ్గలేదు. "డెబ్బై దాటాక పన్నెందుకండీ, పీకించేయండి" అన్నారు మనవాళ్లే. నేను ఒప్పుకోలేదు. ఉన్న పళ్లే తక్కువ! డాక్టరుగారు చిగురు తెరిచి, మైక్రోస్కోపులో చూస్తూ వేరు కొస సుమారు 3 మిల్లీమీటర్లు కోసేసి, శుభ్రం చేసి, ఎం.టి.ఏ. అనే సిమెంటు లాంటి మందుతో మూశారు.

వారంలో కుట్లు తీశారు. నొప్పి పోయింది. ఇక ఫైలు మూసేసినట్టే అనుకుని ఆరు నెలల ఎక్స్‌రేకు ఎగ్గొట్టాను. మా ఆవిడ పోరు పడలేక ఏడాదికి వెళ్తే, ఎముకలో నల్లమచ్చ చిన్నదైంది గానీ పోలేదు. "నొప్పి తగ్గడం వేరు, ఎముక పూడడం వేరు. పైకి తెలియకుండానే మళ్లీ పెరగవచ్చు" అన్నారాయన. కనుక ఈ ఆపరేషన్ అయినవారెవరూ నాలాగా చేయకండి.

పాత అధ్యయనాలన్నీ కలిపి 2010లో కట్టిన లెక్కలో పూర్వపు పద్ధతికి నూటికి 59, ఈ మైక్రోస్కోపు పద్ధతికి 94 సఫలమైనట్టు తేలింది. నేను ఆ 94లో ఉన్నానో, మిగతా ఆరుగురిలోనో ఇంకా తేలలేదు. సంక్రాంతి వెళ్లాక ఎక్స్‌రే ఉంది.