ఆడపిల్లల యీడు - ఇంటి వాతావరణము
(సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఆడపిల్ల 10 ఏండ్లకో, 11 ఏండ్లకో పెద్దమనిషి అయినదనగా మన యిండ్లలో తల్లి తల పట్టుకొనును; నాయనమ్మ "తిండి యెక్కువైనది" అనును. మేము వర్తకులమే గాని వైద్యులము కాము. అయినను ఆడపిల్లలుగల వారే యీ సభలో అధికముగా నున్నందున, శాస్త్రజ్ఞులు చెప్పినదానిని మాకు బోధపడినంత మేరకు మనవి చేయుచున్నాము.

తిండిమాట కొంత నిజమే. ఒంట క్రొవ్వు చేరిన బాలికలు ముందుగా ఈడేరుట తరచు కనబడును. మన దేశమునుండి స్వీడనుకు దత్తతపోయిన బాలికలను గూర్చి 1991లో ప్రకటించిన పరిశీలనలో, వారిలో సగముమంది పదునొకండున్నర యేండ్ల ప్రాంతముననే రజస్వలలైరని తేలినది. పసితనమున అన్నమునకు మాడి, పిమ్మట పుష్కలముగా తిని త్వరత్వరగా ఎదుగుట అందులకు కారణము కావచ్చునని ఊహించిరి.

అన్నముతోనే కథ ముగియలేదు. ఆ 1991లోనే బెల్‌స్కీ, స్టైన్‌బర్గ్, డ్రేపర్ అను పండితులు ఒక వాదమును ప్రతిపాదించిరి. తగవులనడుమ, ఆదరణ లేక, తండ్రి యండ లేక పెరిగిన పిల్ల దేహము త్వరపడి యౌవనమునకు సిద్ధపడునట. చిన్ననాడే తండ్రి దూరమైన బాలికలు సగటున కొంచెము ముందుగా ఈడేరుట పిదప పలు పరిశీలనలలో కనబడినది. ఆ తేడా సాధారణముగా నెలల లెక్కయే.

ఇంతమాత్రమున ఆ తల్లిదండ్రులపై నేరము మోపవచ్చునా? కూడదు. త్వరగా ఈడేరిన తల్లికి కూతురును త్వరగా ఈడేరుట కద్దు. రక్తమున వచ్చినదెంతో, ఇంటివలన వచ్చినదెంతో వేరుచేయుట కష్టము. 2006లో కవలలైన అక్కచెల్లెండ్ర కూతుండ్రను పోల్చి చూడగా, మారుతండ్రి యున్న పిల్లకును లేని పిల్లకును ఈ విషయమున భేదము కనబడలేదు. కావున భర్త విడిచిపోయిన యింటి పిల్లను చూచి చెవులు కొరుకుకొనువారు కొంచెము ఆగవలెను.

మాకు దిగులు కలిగించునది వేరొకటి. పందిరి, పేరంటము, మైకు అన్నియు ముగిసిన పిమ్మట, ఆ పిల్ల బడికి పోవుట మానుచున్నది. మన తెలుగు తరగతిలో ఆరవ తరగతి దాటగనే ఆడపిల్లల బల్ల ఖాళీ యగుచున్నది. దేహము తొందరపడినను బుద్ధికి 11 ఏండ్లే గదా! 18 ఏండ్లు నిండనిదే పెండ్లి కూడదని 1978 నుండి చట్టమున్నది. ఈ నడుమ యేడేండ్లు ఆ పిల్ల యింట కూర్చుండి యేమి చేయవలెను?

8 ఏండ్లు నిండకమునుపే లక్షణములు కనబడినచో వైద్యునికి చూపవలెను. వచ్చు ఆదివారము సంఘ మందిరమునకు ఒక లేడీ డాక్టరుగారు విచ్చేయుచున్నారు. తల్లులు కూతుండ్రను వెంటబెట్టుకొని రావలెను. తండ్రులు వరండాలో నిలువనక్కరలేదు, లోనికే రావచ్చును.